పాటగాని చెవులు, మూసిన హెడ్‌ఫోన్లు

ప్రశ్న: నేను జానపద గాయకుడను. బతుకమ్మ పాటల కాలమున సూర్యాపేటలో ఒక చిన్న రికార్డింగు గదిలో ప్రొద్దస్తమానము హెడ్‌ఫోన్లు పెట్టుకొని పాడుచుందును. ఇంటికి వచ్చిన పిదప చెవులలో గుయ్యిమని హోరు. మాటలు మందముగా వినబడి, మరునాటికి సర్దుకొనుచున్నవి. చెవులను పూర్తిగా మూయు రకమే కొనుమని రికార్డిస్టు చెప్పుచున్నాడు. అవి చేటు చేయవా, డాక్టరుగారూ?
— ఒక పాఠకుడు, తుంగతుర్తి

జవాబు: మీ రికార్డిస్టు సరిగానే చెప్పినాడు. చెవిలో మ్రోగు ట్రాకు బయటికి పొక్కి, జానెడు దూరమున నున్న మైకులో బడినచో, గొంతుతోపాటు అదియు పాటలో నిలిచిపోవును గనుక, గానము రికార్డు చేయుచోట వెనుకభాగము మూయబడిన హెడ్‌ఫోన్లనే వాడుదురు. వైద్యునికి వానియందు మరియొక గుణము కనబడును: బయటి సందడి తగ్గుటచే, లోపలి ధ్వనిని తక్కువలో నుంచియే స్పష్టముగా వినవచ్చును. చేటు చేయునది మూత గాదు. ధ్వనితీవ్రతయు, అది చెవిపై బడు కాలమును.

మీరు వ్రాసిన హోరును తేలికగా తీసికొనరాదు. అంతరకర్ణములో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న భాగమందలి కేశకణములు అతితీవ్రధ్వనికి అలసినపుడు విశ్రాంతితో కోలుకొనునుగాని, నశించినచో మనుష్యునియందు మరల పుట్టవు. మరునాటికి తగ్గినదను ధైర్యముతో ఏటేట అదే శ్రమను చెవులకు కల్పించుట మీ జీవనాధారమునకే ముప్పు. అమెరికా వృత్తి ఆరోగ్యశాస్త్రజ్ఞులు 85 డెసిబెల్సు వద్ద దినమునకు 8 గంటలు పరిమితిగా చెప్పి, ప్రతి 3 డెసిబెల్సు హెచ్చుకు కాలమును సగము చేసిరి; అనగా 94 వద్ద ఒక్క గంటయే.

కొనునపుడు కంపెనీ పేరుకన్న కుదురు ముఖ్యము. గుండ్రని మెత్తలు చెవి డొప్పను నొక్కక, దానిచుట్టు పుర్రెకు ఆనుకొనవలయును. కళ్లద్దాల కాడ మెత్త క్రింద దూరినచో ఆ సందునుండి మంద్రస్వరము జారిపోవును. డప్పు దెబ్బ వినరాలేదని గాయకుడు వాల్యూము పెంచును. గాయనుల జూకాలవలనను ఇట్లే యగును. కావున కళ్లద్దాలు వాడువారైనచో వానితోనే పెట్టుకొని చూచి కొనుడు. కణతలు నొచ్చునంత బిగువు వలదు. మెత్తలు విప్పి మార్చుకొన వీలున్నవి మేలు. వేసవి చెమటతో తడిసినవానిని పదిమంది పంచుకొనుట వలన చెవికి చర్మవ్యాధులు అంటుకొను భయము గలదు.

చెవులు మూసినపుడు తన గొంతు ఎముకల ద్వారా తలలో గుమ్మటిల్లి వినబడుటచే శ్రుతి తప్పునని, పలువురు గాయకులు ఒక చెవిని తెరచియుంచుదురు. అది తప్పుగాదు; కాని ఒంటి చెవికి ధ్వని తక్కువగా తోచి, తెలియకయే పెంచుట జరుగును. తెరచిన వైపు ధ్వనిని ఆపించి, రెండవవైపు ధ్వనిని పెంచక మునుపటి స్థాయిలోనే ఉంచుడు. గంటకొకసారి హెడ్‌ఫోను తీసి పది నిమిషములు నిశ్శబ్దముగా కూర్చుండుడు.

హోరుకు వేడినూనె పోయుట, పిన్నీసుతో గెలుకుట ఎంతమాత్రము కూడదు. పాటల పని ముగియువరకు ఆగక చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపి, ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకొనుడు. ఆ కాగితమును దాచియుంచినచో వచ్చు సంవత్సరపు పరీక్షతో పోల్చవచ్చును. ఒక చెవి హఠాత్తుగా వినరాకపోయినచో మాత్రము ఆనాడే వైద్యుని కడకు పొండు.