ఏ ఊరికి ఏ సిమ్?

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి వెళ్ళింది. ఇన్నేళ్ళయినా పులివెందుల అవతల ఉన్న మా తాండాలో ఫోన్ మాట్లాడాలంటే మిద్దె ఎక్కాల్సిందే. మా అమ్మ ఆశా వర్కరు. పోయిన వానాకాలం ఒక రాత్రి కాన్పు నొప్పులు పడుతున్న ఒకామె కోసం 108కి చేస్తే రెండుసార్లు మధ్యలో తెగిపోయింది. మూడోసారి మిద్దె మీద నుండి కలిసింది. తల్లీబిడ్డా క్షేమమే. కానీ అమ్మ "ఈ సిమ్ము మార్చల్ల నాయనా, ఏది మంచిదో సూడు" అంది.

సంక్రాంతి సెలవుల్లో అమ్మ సిమ్మూ, మామ సిమ్మూ ఒకే ఫోన్లో వేసి చూశాను. ఒకే ఫోన్ ఎందుకంటే సిగ్నల్ గీతలను ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కో లెక్కన చూపిస్తుంది. గీతలు నమ్మరాదు. సెట్టింగుల్లో సిమ్ స్టేటస్ లోకి పోతే డిబిఎం అనే అంకె ఉంటుంది. అది మైనస్ లో ఉంటుంది, సున్నాకు దగ్గరైతే మంచిది. -80 కన్నా -90 పదో వంతే బలం. ఇది నాకు మొదట తిరకాసుగా అనిపించింది.

ప్రొద్దుటూరులో రాయడానికేమీ లేదు, రెండూ బాగున్నాయి. అయితే బజారులో సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ నెమ్మది, ఎందుకంటే ఒకే టవర్ను అందరూ పంచుకోవాలి.

జమ్మలమడుగు ఊర్లోనూ అంతే. గండికోటకు పోతేనే అసలు సంగతి తెలిసింది. అక్కడ పెన్నానది ఎర్రమల కొండలను కోసి లోతైన లోయ చేసింది. కోట అంచున సిగ్నల్ ఉంది, కిందికి దిగేకొద్దీ పోయింది. రాయి తరంగాలను ఆపేస్తుంది.

ముద్దనూరు మీదుగా మా ఊరికి వచ్చాను. మా ఇంట్లో అమ్మ సిమ్ -112, మామ సిమ్ -98. అనగా దాదాపు ఇరవై ఐదు రెట్లు తేడా! టవర్ దూరం ఒక కారణం. తరంగం ఇంకొకటి. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు 2300 కన్నా దూరం పోతాయి, గోడలను కూడా బాగా దాటుతాయి. ఇంకో మాట, జియోకు 2జి లేదు. అందువలన పాత 2జి బటన్ ఫోన్లో ఆ సిమ్ పనిచేయదు.

నంబరు మారకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి 20 నుండి దేశమంతా ఉంది. కానీ అమ్మ ఒప్పుకోలేదు. సబ్‌సెంటర్ దగ్గర పాత సిమ్మే బాగా అందుతుంది మరి! అందుకని ఫోన్లో రెండూ వేశాం.

ఒకవేళ రెండూ అందక "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనబడితే, వేరే కంపెనీ టవర్ దగ్గర్లో ఉందని అర్థం. అప్పుడు 112 నొక్కాలి. అమ్మ ఈ నంబరును ఫోన్ వెనక కాగితం మీద రాసి అంటించుకుంది.