ఒక గాయకుని ఆత్మకథ – పాఠకుల వాదం

తన జీవితాన్ని తానే చెప్పుకొనే రచన ఆత్మకథ. ఇతరులు రాసిన జీవితచరిత్రను చదివేటప్పుడు పాఠకుడు ఆధారాలేవని అడుగుతాడు. ఆత్మకథ విషయంలో రచయిత మాటనే ఆధారంగా స్వీకరిస్తాడు. ఈ నమ్మకానికి హద్దు ఎక్కడ? అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ ఆత్మకథ వెలువడినప్పటి నుండి దాని పాఠకులు ఈ ప్రశ్న చుట్టూ తర్కిస్తూనే ఉన్నారు.

డిలన్ 1941లో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో జన్మించాడు. అసలు పేరు రాబర్ట్ జిమ్మర్‌మన్. ఇనుప గనుల ఊరైన హిబ్బింగ్‌లో పెరిగాడు. జానపద గాయకుడు వుడీ గత్రీ 1943లో ప్రచురించిన ఆత్మకథ 'బౌండ్ ఫర్ గ్లోరీ' ఆ యువకుని చేతికి చిక్కింది. ఆ పుస్తకం అతనిని ఎంతగా ఆకర్షించిందంటే, 1961 ఆరంభంలో న్యూయార్క్ చేరగానే, వ్యాధిగ్రస్తుడై న్యూజెర్సీ ఆసుపత్రిలో ఉన్న గత్రీని వెతుక్కుంటూ వెళ్ళాడు. గత్రీ పుస్తకంలో కల్పన పాలు తక్కువేమీ కాదని విమర్శకులు తేల్చారు. అయినా అది ఒక పాఠకుని జీవితమార్గాన్ని నిర్ణయించింది. ఈ సంగతి మనసులో ఉంచుకొని డిలన్ పుస్తకాన్ని పరిశీలించాలి.

'క్రానికల్స్: వాల్యూమ్ వన్' 2004 అక్టోబరులో వెలువడింది. ఉన్నవి ఐదే అధ్యాయాలు. వాటిలో మూడు అతడు పేరు పొందకముందరి రోజులవి. మిగిలిన రెండింటిలో ఒకటి 1970 నాటి 'న్యూ మార్నింగ్', మరొకటి 1989 నాటి 'ఓ మెర్సీ' అనే పాటల సంపుటాలు రూపొందిన కాలానికి సంబంధించినవి. 1965లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో అతడు ఎలక్ట్రిక్ గిటారు పట్టి రాక్ సంగీతం వినిపించినపుడు శ్రోతలలో కొందరు గేలిచేశారు. లోకమంతా ఎరిగిన ఆ ఘట్టాన్ని తెలుసుకోవాలని పుస్తకం తెరిచినవారికి నిరాశే మిగిలింది. ఇది మొదటి ఫిర్యాదు.

దీనికి ఇతర పాఠకులు చెప్పిన సమాధానం ఆలోచింపదగినది. ప్రసిద్ధుడైన గాయకుని గురించి పత్రికలు రాశాయి, జీవితచరిత్రకారులు రాశారు. ప్రసిద్ధుడు కాకముందు ఆ యువకుడు ఏమి చదివాడో, ఎవరి పాటలు విన్నాడో అతడు తప్ప మరొకరు చెప్పలేరు. న్యూయార్క్ ప్రజాగ్రంథాలయంలో కూర్చుని 1855 నుండి 1865 వరకు వెలువడిన వార్తాపత్రికలను మైక్రోఫిల్ములో చదివానని అతడు రాశాడు. అవి అమెరికాలో అంతర్యుద్ధం రాజుకొని, మండి, చల్లారిన సంవత్సరాలు. పాట రాయదలచిన యువకుడు వందేళ్ళనాటి వార్తల ముందు గంటలకొద్దీ కూర్చోవడం అనే ఈ ఒక్క దృశ్యం, ఏ సంగీతోత్సవ వర్ణన కంటెనూ విలువైనది.

రెండవ ఫిర్యాదు కుటుంబం గురించి. 'నా భార్య' అనే మాట రెండు అధ్యాయాలలో వస్తుంది. పేరు ఎక్కడా లేదు. నిజానికి ఆ రెండు చోట్లా సూచితులైనవారు వేర్వేరు స్త్రీలు. తెలియని పాఠకుడు ఒకరేనని పొరబడతాడు. ఇది దాపరికమని కొందరు నిందించారు. అయితే కారణం పుస్తకంలోనే ఉంది. ఉడ్‌స్టాక్‌లో నివసించిన రోజులలో అభిమానులు వేళాపాళా లేకుండా ఇంటి మీద పడేవారు. తమ తరానికి నాయకత్వం వహించమని నిలదీసేవారు. తనకు కావలసినది భార్యాబిడ్డలతో ప్రశాంత జీవనమేనని డిలన్ వాపోయాడు. జనం తన మీద ఆశ వదులుకోవాలని తలమీద విస్కీ గుమ్మరించుకొని దుకాణంలోకి వెళ్ళానని కూడా రాసుకొన్నాడు. అటువంటివాడు ఇంటివారి పేర్లను దాచుకోవడంలో వింత లేదు. ఆత్మకథ రాసినవాడు తన బ్రతుకును బయటపెట్టవచ్చు గాని, తనవారి బ్రతుకును కూడా బయటపెట్టవలసిన బాధ్యత అతనికి లేదు.

మూడవ ఫిర్యాదు ఇంత సులభంగా తేలేది కాదు. పుస్తకం వెలువడిన కొన్నేళ్ళకు, శ్రద్ధగల పాఠకులు అందులోని అనేక పదబంధాలు, వర్ణనలు పూర్వ రచనలలోనివని కనిపెట్టారు. జాక్ లండన్ రచనలు, మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్', చివరకు 1961 నాటి 'టైమ్' వారపత్రిక సంచిక కూడా ఆ జాబితాలో చేరాయి. న్యూయార్క్‌లో డిలన్‌కు ఆశ్రయమిచ్చినట్లు వర్ణించిన దంపతులు అసలున్నారా అని సందేహించినవారూ ఉన్నారు.

జానపద సంగీతంలోనూ జాజ్‌లోనూ పూర్వుల పలుకును తీసుకొని వాడుకోవడం సంప్రదాయమని 2012లో ఒక పత్రికతో మాట్లాడుతూ డిలన్ తనపై వచ్చిన ఇటువంటి ఆరోపణలను తిప్పికొట్టాడు. పాటల వరకు ఆ మాట కాదనలేనిది. అతని ప్రఖ్యాత గీతం 'బ్లోయిన్ ఇన్ ద విండ్' వరుసకు మూలం నల్లజాతి బానిసల నాటి పాట. ఆ సంగతి అతడే అంగీకరించాడు. అయితే వచనంలో తన అనుభూతిగా చెప్పిన వాక్యం మరొకరి కథలో కనబడితే, ఆ అనుభూతి ఎవరిదని పాఠకుడు అడగడం న్యాయమే. శ్రీశ్రీ తన 'అనంతం'ను ఆత్మచరిత్రాత్మక నవల అని పేర్కొన్నాడు. 'నవల' అన్న ఆ ఒక్క మాటతో పాఠకుడు జాగ్రత్తపడతాడు. డిలన్ పుస్తకంలో అటువంటి హెచ్చరిక లేదు. ఉన్నట్లయితే ఈ వివాదంలో సగం పుట్టేదే కాదు.

ఈ లోపం తెలిసిన తరువాత కూడా పుస్తకాన్ని మళ్ళీ చదివినవారు చాలామంది. ఏ వాక్యం ఎక్కడిదో గుర్తించడమే వారిలో కొందరికి కొత్త వేడుక అయింది. 2016లో డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ బహుమతి లభించినపుడు, పాట సాహిత్యమా కాదా అన్న చర్చ లేచింది. దానితో ఈ పుస్తకాన్ని మొదటిసారి చేతబట్టిన పాఠకులూ ఉన్నారు. పేరులో 'మొదటి సంపుటం' అని ఉన్నా రెండవది ఇంతవరకు రాలేదు. 2022లో అతడు ప్రచురించిన పుస్తకం ఇతరుల పాటలపై వ్యాసాల సంకలనం. న్యూపోర్ట్ నాటి కథ కోసం 2004లో పేజీలు తిప్పినవారు ఇంకా ఎదురుచూస్తున్నారు.