నీళ్లు పోయే దారే నీళ్లు వచ్చే దారి



మన రాజంపేట వైపు వానలు తక్కువ. బిందెలు పట్టుకుని నీళ్ల కోసం తిరిగే రోజులే ఎక్కువ. ఈ రోజు మన పాఠం పడవ గురించి అని చెప్పగానే, మా కేంద్రంలో ఒక పెద్దమ్మ నవ్వింది.

"టీచరమ్మా, చెయ్యేట్లో ఇసకే గాని నీళ్లు యాడుండాయి? మనకెందుకు పడవ?" అంది.

అందరూ నవ్వారు. మూలన కూర్చున్న ఒక అక్క మాత్రం నవ్వలేదు.

"2021లో ఆ ఇసక ఏరే కదా పెద్దమ్మా మన ఊర్ల మీద పడింది" అంది.

అందరూ నిశ్శబ్దం అయిపోయారు.

అవును. పించా, బాహుదా నీళ్లు చెయ్యేట్లో కలుస్తాయి. 2021 నవంబరులో ఎడతెరిపి లేని వానలు కురిశాయి. ముందు పించా కట్ట తెగింది. నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊర్లలో ఇళ్లు, పశువులు, పొలాలు పోయాయి. మనుషులూ పోయారు. ఎండిన ఏరు ఎప్పటికీ ఎండే ఉంటుందని అనుకోకూడదు.

మా ఇంట్లో జరిగింది

ఆ వానల్లోనే మా ఇంట్లోకి కూడా నీళ్లు వచ్చాయి. మాది ఏటికి దూరం. ఏటి నీళ్లు రాలేదు. వీధి కాలవ నిండి పొంగింది, అంతే. మా అమ్మ వాకిలికి అడ్డంగా ఇసక మూటలు పెట్టింది. ఇక భయం లేదు అనుకున్నాం. కాసేపటికి వంటింట్లో కాళ్ల కింద తడి తగిలింది. చూస్తే చీలమండల దాకా నీళ్లు! బియ్యం మూట అడుగు తడిసిపోయింది.

నీళ్లు యాడ నుంచి వచ్చాయి? వాకిలి నుంచి కాదు. జలదారి బొక్క నుంచి! బోకులు తోమిన నీళ్లు రోజూ బయటకు పోయేది అందులో నుంచే. ఆ రోజు అదే దారిలో వీధి నీళ్లు లోపలికి వచ్చాయి.

ఎందుకు ఇట్లా జరిగింది?

నీళ్లకు మనది, వాళ్లది అని తెలియదు. ఎత్తు నుంచి పల్లానికి పోవడం ఒక్కటే తెలుసు. మామూలు రోజుల్లో మా ఇంటి లోపల ఎత్తు, వీధి కాలవ పల్లం. అందుకే నీళ్లు బయటకు పోతాయి. ఆ రోజు వీధి నీళ్లు ఎత్తయ్యాయి, ఇల్లు పల్లం అయింది. అందుకే నీళ్లు వెనక్కి తిరిగాయి.

బొక్క మారలేదు. నీటి మట్టం మారింది.

పడవలోనూ ఇంతే

సముద్రం మీద, పెద్ద చెరువుల్లో తిరిగే చిన్న పడవలు కొన్నిటికి లోపల కాళ్లు పెట్టే బల్ల ఉంటుంది. దాన్ని డెక్కు అంటారు. అల ఎగిరి పడినా, వాన కురిసినా ఆ డెక్కు మీద నీళ్లు నిలుస్తాయి. అవి పోవడానికి పక్కలకో, వెనకకో బొక్కలు పెడతారు. డెక్కు బయటి నీళ్ల కంటే ఎత్తులో ఉంటుంది. కాబట్టి నీళ్లు వాటంతట అవే పోతాయి. ఎవరూ తోడక్కరలేదు.

మరి పడవలో ఎక్కువ మంది ఎక్కితే? పడవ కిందకు దిగుతుంది. అందరూ వెనకే కూర్చుంటే? వెనక భాగం దిగుతుంది. అప్పుడు డెక్కు బయటి నీళ్ల కంటే పల్లం అవుతుంది. నీళ్లు పోయే బొక్కలోంచే నీళ్లు లోపలికి వస్తాయి.

లోపలికి వచ్చిన నీళ్లకు బరువు ఉంటుంది. ఒక లెక్క చేద్దాం.

ఒక లీటరు నీళ్లు ఒక కిలో బరువు. డెక్కు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు అనుకోండి. దాని మీద 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు నిలిస్తే 200 లీటర్లు. అంటే 200 కిలోలు. 50 కిలోల బియ్యం మూటలు నాలుగు ఎక్కించినట్టే! ఆ బరువుకు పడవ ఇంకా దిగుతుంది. దిగిన కొద్దీ ఇంకా నీళ్లు వస్తాయి. పైగా ఆ నీళ్లు ఒక చోట నిలవవు. పడవ కొంచెం వాలితే అన్నీ వాలిన వైపుకే పరుగెత్తుతాయి. పడవ బోర్లా పడేది అప్పుడే.

నీళ్లు రాకుండా పడవ వాళ్లు ఏం చేస్తారు?

1. బరువు తగ్గిస్తారు. మనుషుల్ని, సామాన్లను ఒక వైపే కాకుండా సమంగా సర్దుతారు. ఇదే మొదటి పని.

2. బొక్కకు బయట వైపు రబ్బరు రెక్క బిగిస్తారు. రెక్కకు పైఅంచు మాత్రమే బిగించి, కింద వదిలేస్తారు. లోపలి నీళ్లు తోస్తే రెక్క తెరుచుకుంటుంది. బయటి నీళ్లు తోస్తే బొక్కకు అతుక్కుని మూసుకుంటుంది. ఒక దారే పోనిచ్చే తలుపు అన్నమాట.

3. బొక్కకు మూత పెట్టుకుంటారు. మూత పోకుండా తాడుతో కడతారు. పడవ గట్టున ఉన్నప్పుడు వాన నీళ్లు పోవడానికి అడుగు మూత తీస్తారు. నీళ్లలోకి దించే ముందు మూత ఉందా లేదా అని తప్పక చూస్తారు. మరిచిపోతే పడవ మునుగుతుంది.

4. బొక్కల్లో చెత్త, ఆకులు లేకుండా చూస్తారు. చిన్న పుల్ల ఇరుక్కున్నా రెక్క సరిగా మూసుకోదు.

5. గొట్టం పగిలిందేమో చూస్తారు. పగిలితే నీళ్లు డెక్కు కిందికి చేరతాయి. పైకి ఏమీ కనపడదు. పడవ మాత్రం బరువెక్కుతూ ఉంటుంది.

మూత పెట్టినప్పుడు లోపలి నీళ్లు కూడా బయటకు పోవు. అప్పుడు చెంబుతో తోడాల్సిందే. అందుకే పడవలో ఒక చెంబు ఎప్పుడూ ఉంటుంది.

వరదల్లో మనుషుల్ని తీసుకుపోవడానికి పడవలు వస్తాయి. అప్పుడు భయంతో అందరం ఒక్కసారి ఎగబడతాం. పడవ నడిపే అతను "ఇంకొకరు వద్దు" అంటే కోపం తెచ్చుకోవద్దు. ఆ ఒక్కరి బరువుతో బొక్కలు నీళ్లలోకి దిగవచ్చు. రెండో సారి వస్తాడు. ఎక్కాక కూర్చోమన్న చోట కూర్చోండి. నిలబడవద్దు.

మన ఇంట్లో ఏం చేద్దాం?

పడవ వాళ్ల ఉపాయమే మనకూ పనికి వస్తుంది.

జలదారి బొక్కకు వీధి వైపు సైకిల్ ట్యూబు ముక్క బిగించండి. పైఅంచుకు మాత్రమే మేకులు కొట్టండి. రోజూ నీళ్లు పోతాయి, వీధి నీళ్లు సులభంగా రావు. ఎలుకలు, తేళ్లు రావడం కూడా తగ్గుతుంది. వారానికి ఒకసారి రెక్క కింద కసువు తీయండి.

ట్యూబు లేకపోతే పాతగుడ్డను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉండగా చేసి పెట్టుకోండి. వీధి నీళ్లు పెరిగేటప్పుడు బొక్కలో దోపండి. బయట వైపు నుంచి దోపితే మంచిది. నీళ్లే దాన్ని గట్టిగా అదుముతాయి. లోపల నుంచి దోపితే నీళ్లు దాన్ని తోసేస్తాయి. అప్పుడు దాని మీద ఇసక మూట పెట్టాలి. వీధి నీళ్లు తగ్గాక ఉండ తీసేయడం మరిచిపోవద్దు.

బియ్యం, పిల్లల పుస్తకాలు, ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాసుబుక్కు ఎత్తులో పెట్టండి. నీళ్లు స్విచ్చుల దాకా వచ్చే లోపే కరెంటు మెయిన్ ఆపండి. తడి చేతులతో, నీళ్లలో నిలబడి స్విచ్చు ముట్టుకోవద్దు.

ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి

ఈ ఉపాయాలు వీధి కాలవ పొంగినప్పుడు మాత్రమే. ఏరు పొంగినా, కట్ట తెగుతుందని చెప్పినా ఇవేవీ ఆగవు. అప్పుడు బొక్కలు మూస్తూ ఇంట్లో ఉండకూడదు. మట్టిగోడలు నాని కూలిపోతాయి. పిల్లల్ని, ముసలివాళ్లను తీసుకుని మెట్టకు పోవాలి. పశువుల కట్లు విప్పేయాలి. 112కి ఫోను చేయాలి.

ఆ రోజు పాఠం అయిపోయాక పెద్దమ్మ లేచింది. "పాపా, మా జలదారికి రెక్క పెట్టిస్తా. ఏరొస్తే మాత్రం నేను ముందే గుట్టెక్కుతా" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మకు పాఠం మొత్తం అర్థమైంది.

చేసి చూడండి

ఒక ప్లాస్టిక్ డబ్బా అడుగున చిన్న బొక్క చేయండి. డబ్బాలో ఒక చెంబు నీళ్లు పోసి పైకెత్తి పట్టుకోండి. నీళ్లు ఎటు పోయాయి? ఇప్పుడు ఖాళీ డబ్బాను నీళ్ల బకెట్లో సగం దాకా ముంచి పట్టుకోండి. నీళ్లు ఎటు వచ్చాయి? డబ్బాలో నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చి ఆగాయి?

జవాబులు రాయండి

1. జలదారి బొక్కలోంచి నీళ్లు ఎప్పుడు లోపలికి వస్తాయి?
2. రబ్బరు రెక్కను బయట వైపే ఎందుకు పెట్టాలి?
3. డెక్కు 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు ఉంది. 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు నిలిస్తే ఎన్ని కిలోలు?
4. మీ ఇంటి గోడలకు నీళ్లు పోయే బొక్కలు ఎన్ని ఉన్నాయి? లెక్కపెట్టి రాయండి.

కొత్త మాటలు

డెక్కు, మట్టం, రెక్క, మూత, బరువు, గట్టు, మెట్ట