నిద్రకు బదులు కాదు, తల్లీ

చి. స్వాతిని ఆశీర్వదించి పెదనాన్న రాయునది.

నీ ఉత్తరం చూసినప్పటి నుంచి మీ పెద్దమ్మకూ నాకూ ఒకటే బెంగ. ముప్ఫై గంటల డ్యూటీ దిగిన పీజీ డాక్టర్లను శ్వాసను, మనసును గమనించే మైండ్‌ఫుల్‌నెస్ క్లాసుకు రమ్మనడం అన్యాయమే, నీ కోపంలో తప్పు లేదు. అయినా ఆ విద్యను మాత్రం తోసిపుచ్చకు. 1979లో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దాన్ని ఒక శిక్షణగా మొదలుపెట్టింది రోగుల కోసం. 2009లో రోచెస్టర్‌లో 70 మంది డాక్టర్లకు అలాంటి శిక్షణే ఇస్తే పని ఒత్తిడితో వచ్చే నిస్త్రాణ, అదే బర్నౌట్, తగ్గింది, రోగి బాధను అర్థం చేసుకునే గుణం పెరిగింది. వాళ్లు నీలా పీజీలు కారు, పోల్చి చూడటానికి శిక్షణ లేని మరో బృందమూ లేదు. అందుకే దాన్ని సర్వరోగ నివారిణి అనను, పనికొచ్చేదని మాత్రం అంటాను.

"తప్పు డ్యూటీలదైతే మందు మాకెందుకు?" అన్నావు. 2016లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష చూడు. డాక్టర్లకిచ్చే శిక్షణ, పని వేళల్లో మార్పు, రెండూ బర్నౌట్‌ను తగ్గించాయని తేలింది. ఒకటి చేశాం కదా అని రెండోది ఎగ్గొట్టడానికి వీల్లేదు. ముఖ్యంగా నిద్ర. నిద్ర సంగతి ఎన్నిసార్లయినా చెబుతాను, విసుక్కోకమ్మా. 2004లో బోస్టన్ ఐసీయూల్లో చూస్తే, 24 గంటలు దాటే షిఫ్టులున్న పాత పద్ధతిలో ఇంటర్న్‌ల తీవ్రమైన పొరపాట్లు, ఆ షిఫ్టులు తీసేసినప్పటికన్నా 36 శాతం ఎక్కువ. మన జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్సు కూడా 2024లో వారానికి 74 గంటలు మించొద్దని, రోజూ ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలని సిఫారసు చేసింది. ఎంత శ్వాస గమనించినా పోయిన నిద్ర తిరిగి రాదు. అసలు ఆ సాధన ఓర్చుకోవడానికి కాదు, గమనించడానికి. అలసటను దాచుకోవడమే మంచి డాక్టరు లక్షణమని మీకు అలవాటు చేస్తారు. చెయ్యి వణుకుతోందని, రోగి మీద విసుగొస్తోందని ముందుగా పసిగట్టగలిగితేనే "ఈ ప్రొసీజరు ఇంకొకరు చెయ్యండి" అని అడగగలవు. అది నీకూ రక్షణే, రోగికీ రక్షణే.

కాబట్టి క్లాసుకు వెళ్లు, బంగారూ. దాన్ని డ్యూటీ వేళల్లోనే పెట్టమని మీ పీజీలంతా కలిసి హెచ్‌ఓడీకి రాసివ్వండి. ఒక్కదానివే అడగకు. మనసు మరీ కుంగితే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి. మాకైతే అర్ధరాత్రయినా చెయ్యొచ్చు. వేళకు తిను. హెచ్‌ఓడీ ఏమన్నారో రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న