మైనమా? పాకమా? కొత్త సౌందర్యవృత్తికి వ్యాక్సింగు సామగ్రి

వ్యాక్సింగు అను మాట నేడు బజారులోని ప్రతి బ్యూటీపార్లరు పలకమీదను కనబడుచున్నది. చర్మమునకు జిగట పదార్థమును పూసి, దానితోబాటు రోమములను మొదలంట పెఱికివేయుటయే ఈ పని. మన బరంపురము బాలికలు కొందఱు చదువు ముగించిన పిదప ఈ విద్య నేర్చి, ఇంటి ముందరి గదిలోనే వృత్తి ప్రారంభింప దలచుచున్నారు. తల్లిదండ్రులు ఇయ్యగల మొదటి పెట్టుబడి స్వల్పము. అది మెఱయు యంత్రముల పాలగునో, వచ్చెడివారి చర్మమును కాపాడునో మొదటి కొనుగోలునాడే తేలిపోవును.

ముందు పేరునే విచారింతము. వ్యాక్స్ అనగా మైనము. కాని హనీ వ్యాక్స్ మొదలగు పేర్లతో అమ్మెడి డబ్బాలు పెక్కింటిలో ముఖ్యముగా నుండునది చక్కెర పాకము. చక్కెర, నీరు, నిమ్మరసము కలిపి సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు కాచినచో, మన వంటింటి భాషలో ఉండపాకమునకు వచ్చును. నిమ్మరసములోని ఆమ్లము చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టుటచే అది పలుకులు కట్టక సాగుచుండును. మిఠాయి పాకములో మన పెద్దలు నిమ్మచుక్క పిండుటకు కారణము కూడ ఇదియే. ఈ వ్యాక్స్ నీటిలో కరగును. తడిగుడ్డతో చర్మము, గిన్నె, నేల అన్నియు శుభ్రపడును. కొత్తగా పని నేర్చినవారికి ఇంతకన్న అనుకూలమైనది లేదు. దోషము ఒక్కటి: అది గాలిలోని తేమను పీల్చుకొనును. సముద్రమునకు చేరువనున్న మన ఊరిలో ఆషాఢ శ్రావణములయందు మూత సరిగా బిగింపని డబ్బా పలుచబడి, రోమములను పట్టదు. పూయుటకు ముందు చర్మముమీది చెమటను తుడిచి, పౌడరు అద్దవలెను.

రెండవ రకము పైన్ చెట్ల బంకనుండి తీయు రోజిన్ ప్రధానముగా గలది. పొట్టి రోమములను సైతము గట్టిగా పట్టును. అయితే నీటికి లొంగదు, నూనెకే లొంగును. కావున దీనిని కొనువారు వ్యాక్సింగు తరువాత రాయు నూనెను కూడ కొనవలెను. ఈ రెండవ ఖర్చును చాలమంది లెక్కింపరు. రోజిన్ కొందఱి చర్మమునకు పడదు. గాయములకు అంటించు పట్టీవలన దద్దురులు వచ్చునా అని ముందుగా అడుగుట మేలు, ఏలయన కొన్ని పట్టీల జిగురులోను రోజిన్ ఉండును. ముంజేతి లోపలివైపున రూపాయి బిళ్ళంత మేర పూసి తీసి, 24 నుండి 48 గంటల వఱకు వేచి చూడవలెను.

మూడవది గుడ్డ అక్కఱలేకుండ తానే గట్టిపడి ఊడివచ్చు హార్డ్ వ్యాక్స్. దానిలో తేనెటీగల మైనమును కలుపుదురు. ఆ మైనము 62 నుండి 64 డిగ్రీల వద్ద కరగును. చేయి తిరిగిన పిదపనే దానిని కొనవచ్చును.

కాచు పాత్రకు వేడిని అదుపుచేయు థర్మోస్టాటు, తీసి కడుగుటకు వీలైన లోగిన్నె, మూత, మూడు కాళ్ళ ప్లగ్గు ఉండవలెను. డబ్బాను నేరుగా పొయ్యిమీద పెట్టరాదు. పైభాగము గట్టిగా నుండగనే అడుగు మసలిపోవును. 60 డిగ్రీల వేడినీరే కొన్ని సెకండ్లలో చర్మమును కాల్చును. ప్రతిసారియు ముందు తన మణికట్టుమీద చూచుకొనిన పిదపనే ఇతరులకు పూయవలెను. రోలరు గొట్టము చూపునకు శుభ్రముగా తోచును గాని, ఒకే రోలరు పదిమంది ఒంటిమీద దొర్లుట శుభ్రత కాజాలదు.

నా అభిప్రాయములో మొదటి రూపాయి వెళ్ళవలసినది పాత్రకు కాదు, కొయ్యపుల్లలకు. చర్మమును తాకిన పుల్లను తిరిగి పాత్రలో ముంచరాదు. రోమము ఊడినచోట ఒక్కొక్కపుడు రక్తపుచుక్క కనబడును. హెపటైటిస్ బి వైరసు శరీరము వెలుపల కనీసము 7 దినములు బ్రదుకగలదు. పాత్రలోని గోరువెచ్చదనము దానిని చంపదు. జీన్సు గుడ్డ పట్టీలను ఉదికి మరల వాడెడి అలవాటు కొన్నిచోట్ల కలదు. పొదుపే గాని నేను ఒప్పుకొనను. ఒక్కమాఱు వాడి పాఱవేయు పట్టీలు, చేతితొడుగులు కొనవలెను. పనిచేయు బాలిక తానును హెపటైటిస్ బి టీకా వేయించుకొనుట అవసరము: మొదటిది, నెల గడచిన పిదప రెండవది, ఆఱవ నెలలో మూడవది.

2020 నాటి కాస్మెటిక్స్ నియమముల ప్రకారము డబ్బామీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, వాడవలసిన గడువు ఉండవలెను. ఇవి లేని డబ్బా ఎంత చవుకైనను వలదు. పదార్థముల పట్టిక తఱచుగా ఆంగ్లములో నుండును. సుక్రోజు, గ్లూకోజు అని యున్న నీటితోను, కొలోఫోనియమ్, గ్లిసరిల్ రోజినేట్ అని యున్న నూనెతోను శుభ్రము చేయవలెనని తెలుగులో ఒక పుస్తకమున వ్రాసికొనుడు.

వచ్చెడివారిలో పెక్కుమంది ఒడియా పలుకువారు. మధుమేహము కలదా, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుచున్నారా అను రెండు ప్రశ్నలను ఒడియాలో తడబడక అడుగ నేర్వవలెను. మధుమేహమున్న వైద్యుని అనుమతి కావలెను. ఆ మాత్రలు వాడువారి చర్మము పలుచబడి వ్యాక్సుతో లేచివచ్చును; మాత్రలు మానిన పిదప కూడ సుమారు 6 నెలలు ఆగుమని వారికి నచ్చజెప్పి పంపవలెను.