ఎడమ కాల్వ గట్టున ఒక నవల

సూర్యాపేటలో ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేశాను. నవల రాస్తామని నా దగ్గరికి వచ్చే పిల్లలు అందరూ ఒకటే అడుగుతారు: "సార్, యాడ మొదలుపెట్టాలె?" నాకు తెలిసింది రాసిపెడుతున్నా.

1. మనకంటే ముందు ఈ మట్టిలో ఎవరు రాశారో చదవండి. 'ప్రజల మనిషి' రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి ఉమ్మడి నల్లగొండ జిల్లావాడే. ఇళ్లల్లో వంట చేసుకుంటూ చదువుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుపోయి అమ్మాడు. జైలుకు పోయాడు. నవల అచ్చయింది 1955లో. నాగార్జునసాగర్ డ్యాముకు పునాదిరాయి పడిందీ అదే ఏడాది. ఆ రెంటినీ కలిపే తలుచుకుంటాను. రెండో నవల 'గంగు' పూర్తి కాకుండానే 1961లో కన్నుమూశాడు. తీరిక లేదు సార్ అనే వాళ్లకు నేను ఆయన సంగతే చెప్తాను.

2. మీ మనుషులు ఎట్లా మాట్లాడతారో అట్లాగే రాయండి. ఇది నేర్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

నా మొదటి నవల మిర్యాలగూడ రైసుమిల్లు హమాలీల కథ. 1967లో సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలాక ఆ చుట్టుపక్కల వరి పెరిగింది, వరి వెంట మిల్లులు పెరిగాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మూడేళ్లు రాశాను. వారపత్రికల సీరియళ్లు చదివి పెరిగినవాణ్ణి కదా, నా హమాలీలు కూడా ఆ సీరియళ్లలో మనుషుల్లాగే మాట్లాడారు. పత్రికకు పంపిస్తే నేను స్టాంపులు అతికించి పెట్టిన కవర్లోనే తిరిగొచ్చింది. నెల రోజులు కలం ముట్టలేదు. అన్నం సయించలేదు.

ఆ ఎండాకాలం రాతప్రతి సంచిలో పెట్టుకుని మిల్లుకు పోయాను. నానబెట్టిన వడ్లు ఉడుకుతున్న పులిసిన వాసన గేటు దాకా వస్తోంది. తెలిసిన హమాలీ ఒకాయన కొక్కెం గోడవారగా పెట్టి, గోనెసంచి పరుచుకుని సద్ది విప్పాడు. ఒక అధ్యాయం చదివి వినిపించాను. చేతిలో ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"మంచిగున్నది సారూ. గని మావోళ్లు గిట్ల మాట్లాడ్తరా? హృదయం బరువెక్కింది అంటరా? పానం మంచిగ లేదని గోడదిక్కు తిరిగి పండుకుంటరు."

తిరుగు బస్సులో ఆ మాటే. మూడు వందల పన్నెండు పేజీలూ మళ్లీ రాయాలని సూర్యాపేట బస్టాండులో దిగేలోపే అర్థమైంది. రాశాను. ఇంకో మూడేళ్లు.

3. కోదాడ బస్టాండులో ఒక గంట కూర్చోండి. అవతల ఆంధ్రలో జగ్గయ్యపేట. అత్త "పోయిన్రు" అంటే, పక్కనే కోడలు "వెళ్లారు" అంటుంది. రెండూ ఒకే ఇంటి మాటలు. ఏ ఒక్కదాన్నీ దిద్దకండి.

4. ఉద్యోగం మానకండి. ఇల్లు గడవని రోజు పేజీ కూడా కదలదు.

5. అచ్చు సంగతి. నేను సొంత ఖర్చుతో ఐదు వందల కాపీలు వేశాను. మా ఇంటామె గొలుసు తాకట్టు పెట్టింది, విడిపించడానికి రెండేళ్లు. అమ్మినవాళ్లకు కమీషన్ పోగా చేతికి వచ్చింది కాగితం ఖర్చుకు కూడా సరిపోలేదు. కట్టలు మంచం కింద పెట్టుకున్నాం, వానాకాలం చెద పట్టింది. ఆమె ఒక్కొక్క పుస్తకం దులిపి ఎండలో ఆరబెట్టింది. అటు దారినపోయే ఒక డ్రైవరు ఆగి, ఆ ఎండలోనే నిలబడి పది పేజీలు చదివి, ఒకటి కొనుక్కుపోయాడు.

6. ముసలివాళ్ల దగ్గరికి ఇవాళే పోండి. నా రెండో నవల 1941లో కోదాడ దగ్గర చిలుకూరులో జరిగిన ఆంధ్ర మహాసభ చుట్టూ తిరుగుతుంది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. నాయన వేలు పట్టుకుని ఆ సభకు పోయిన పెద్దాయన ఒకరున్నారని తెలిసి కూడా, పరీక్ష పేపర్లు దిద్దాక పోదాం, పండగ అయ్యాక పోదాం అనుకున్నాను. పోయేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. ఆ రోజు ఆయన ఏం తిన్నాడో, ఎవరి భుజాల మీద కూర్చుని చూశాడో అడగాలనుకున్నాను. ఆ అధ్యాయం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మిగతాది తొంభై పేజీలైంది. మిల్లు హమాలీ కాలం చేశాడు. ఆయన బిడ్డ మిర్యాలగూడలో టీచరు. వచ్చే ఆదివారం పొద్దటి బస్సుకు పోయి, ఆ తొంభై పేజీలూ ఆమెకు చదివి వినిపించాలి.