ప్రభువు ఇంటి పేరు కొట్లాటకు మారుపేరైన వైనం



మొన్న ఆదివారం పూజానంతరం మా విచారణ యువకుడొకడు ఇంగ్లీషు పత్రికలోని ఆటల పేజీ చూపించి, "ఫాదర్, 'డానీబ్రుక్' అంటే డిక్షనరీలో కొట్లాట అని ఉందండి. చూడబోతే ఊరి పేరులా ఉంది. ఏమిటిది?" అని అడిగాడు.

నిజమే, అది ఊరి పేరే. ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో, డాడర్ నది ఒడ్డున ఉన్న ప్రాంతమది. 1204లో ఇంగ్లండు రాజు జాన్ అక్కడ ఏటా ఎనిమిది రోజుల సంత జరుపుకొమ్మని డబ్లిన్ నగరవాసులకు శాసనమిచ్చాడు. ఆరు వందల ఏళ్లకు పైగా సాగిన ఆ సంత రానురాను తాగుడుకు, చేతికర్రలతో తలలు పగులగొట్టుకోవడానికి నెలవైపోయింది. అందుకే, ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో తెలియని దొమ్మీకి ఆ ఊరి పేరే స్థిరపడింది. మాటల రభసకు కూడా దానిని వాడతారు. సామాన్య నామవాచకమైంది గనుక నేడు చిన్న అక్షరంతో రాస్తారు.

ఇక అసలు విషయం వినండి. ఐరిష్ భాషలో ఆ ఊరి పేరుకు 'పునీత బ్రోక్ దేవాలయము' అని అర్థం. అందులోని మొదటి భాగం 'ప్రభువుకు చెందినది' అనే లాటిను మాట నుండి వచ్చింది. ఐరిష్‌లో ఆదివారానికి కూడా అదే మాట. అంటే ప్రభువు ఇంటి పేరు, ప్రభువు దినపు పేరు కొట్లాట పేరైంది!

మన భాషలోనూ ఇలాంటి మాట ఒకటుంది. 'రచ్చ' అంటే పూర్వం నలుగురు కూడే చోటు. రచ్చబండ మీద పెద్దలు తగవులు తీర్చేవారు. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అన్న సామెతలో ఉన్నది ఆ అర్థమే. నేడు 'రచ్చ చేశాడు' అంటే గొడవ చేశాడనే అర్థం. తగవు తీర్చే చోటు పేరే తగవుకు వచ్చింది.

మాటల అర్థం మార్చేది నిఘంటువులు కాదు, మనుషుల నడత.

డానీబ్రుక్ కథ అక్కడితో ముగియలేదు. 1855లో 3,000 పౌన్లిచ్చి సంత హక్కును కొని, సంతను మాన్పించారు. ఆ మైదానం చెంతనే 1866లో తిరుహృదయ దేవాలయం వెలిసింది. ఊరు మారింది, కాని ఇంగ్లీషులో ఆ మాట అలాగే ఉండిపోయింది. చెడ్డపేరు తెచ్చుకోవడం తేలిక, తుడుచుకోవడం కష్టం.

మన విచారణ పండుగల సంగతి ఏమిటి? తేరు ముందు ఎవరు నడవాలి, కరపత్రంలో ఎవరి పేరు ముందుండాలి అని కలబడిన సందర్భాలు లేవా? తిరునాళ్లకు వచ్చిన పొరుగూరివారు దీవెనతో వెళ్లారా, దెబ్బలతో వెళ్లారా?

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక ఒక్క ప్రశ్న వేసుకోండి: మన విచారణ పేరు చెబితే పొరుగువారికి ఏది గుర్తుకొస్తుంది?